బాంబుకు చోటు దొరికింది, మనవాళ్ళ పేర్లకు దొరకలేదు

(ఏప్రిల్ సభల్లో పల్నాడు పల్లెల్లో మేం మాట్లాడిన మాటల పాఠం)



ఏప్రిల్ అంటే మన నెల. 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి. 11న ఫూలే జయంతి. 14 సంగతి చెప్పే పనే లేదు, ఏ వాడకి పోయినా నీలిజెండా ఎగురుద్ది. 2022లో ఇంకోటి కలిసింది. ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేటకి కలెక్టరాఫీసు వచ్చింది. ఇన్ని తేదీల మధ్యలో 6వ తేదీ ఒకటుంది. దండ లేదు, జెండా లేదు, మైకు లేదు. ఆ రోజు గురించి నాలుగు మాటలు చెప్పుకుందామనే మేం వచ్చాం.

1942 ఏప్రిల్ 6. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సింగపూర్ పడిపోయింది, రంగూన్ పడిపోయింది. జపాన్ వాళ్ళ యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వచ్చేశాయి. అందులో ర్యూజో అని ఒక ఓడ. దాని వీపు మీద నుంచి విమానాలు లేచేవి. ఆ విమానాలు వచ్చి విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. ఈ దేశం ప్రధాన భూభాగం మీద జపాన్ బాంబులు పడ్డ మొట్టమొదటి ఊళ్ళు మన తెలుగు ఊళ్ళే. ఢిల్లీ కాదు, బొంబాయి కాదు. సముద్రం మీద ఆ రెండు మూడు రోజుల్లోనే ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచారు. ఆ ఓడల్లో దొరలొక్కళ్ళే ఉన్నారా? బొగ్గు వేసేవాడు, తాడు లాగేవాడు, గిన్నెలు తోమేవాడు, కళాసీలు, వాళ్ళంతా ఏ దేశపోళ్ళు?

విశాఖలో ఆ రోజు చచ్చిపోయినవాళ్ళు ఎంతమంది అని అడిగితే పుస్తకానికో లెక్క. పదిమందికి లోపే అంటారు. సరే, తక్కువే. ఒక్కడైనా మనిషే గదా! పదిమందికి లోపు మనుషుల్ని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలు. అంత చిన్న లెక్క కూడా ఎనభై ఏళ్ళు దాటినా ఒక చోట నిలవలేదంటే కారణం ఒకటే. చచ్చింది ఎవరో చూసి లెక్కపెడతారు ఈ దేశంలో. అదే రోజుల్లో మద్రాసులో ఏం జరిగిందో చూడండి. బాంబులు పడితే బోన్లు పగిలి పులులూ సింహాలూ ఊరి మీద పడతాయని జంతుశాలలో మృగాల్ని కాల్చేశారు. సర్కారు ఆఫీసుల్ని కట్టగట్టి లోపలి ఊళ్ళకు తరలించారు. ఫైళ్ళు బండెక్కాయి. కూలోడు మాత్రం కాలినడకన పోయాడు, మూట నెత్తిన పెట్టుకుని. విశాఖ ఊరికి ఊరే ఖాళీ అయింది.

ఇప్పుడు మీరు విశాఖపట్నం బీచి రోడ్డుకు పోతే విశాఖ మ్యూజియం ఉంది. అందులో ఆనాడు పడి పేలకుండా మిగిలిపోయిన జపాన్ బాంబు పెట్టారు. పిల్లలు వింతగా చూస్తారు, ఫోటోలు దిగుతారు. మేం కాదనటం లేదు, బాంబును చూడాల్సిందే. పేలని బాంబుకు బతుకు దొరికింది, చోటు దొరికింది. పేలిన బాంబు కింద పడ్డోళ్ళ మాటేమిటి? వాళ్ళు ఎవరి కొడుకులు, ఏ పల్లె నుంచి హార్బరు పనికి వచ్చారు? విశాఖ హార్బరు తెరిచింది 1933లో. అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. పడవ పని, మూట పని, మట్టి పని దొరుకుద్దని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినోళ్ళతోనే ఆ హార్బరు నడిచింది.

ఇక్కడ మీలో ఒకాయన లేచి అడగొచ్చు. ‘అయ్యా, విశాఖ ఎక్కడ, మాచర్ల ఎక్కడ? మన గురజాల మీద బాంబు పడలేదు గదా’ అని. నిజమే, మన మీద పడలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మేం ఇంకో ఊరి సంగతి చెప్పాలి. విశాఖ బాంబు చిన్నది. మనవాళ్ళ మీద పడ్డ పెద్ద బాంబు రంగంలో పడింది.

రంగం అంటే రంగూన్. మన ముసలోళ్ళు ‘రంగం పోయినోడు’ అనేవాళ్ళు గుర్తుందా? వాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి పోయారు. మన వైపు నుంచి పోయినోళ్ళు తక్కువ. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్ళు కాబట్టి బర్మావాళ్ళు తెలుగోళ్ళందర్నీ కోరంగీలు అన్నారు. రేవు పేరు జాతి పేరయింది. తర్వాత అది తిట్టు కూడా అయింది. మాలలు, మాదిగలు, రెల్లి, పల్లెకారులు, సెంటు భూమి లేని బీసీలు, అందరూ ఉన్నారు అందులో. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ అడ్వాన్సు తీరేసరికి నడుం వంగిపోయేది. ఊళ్ళో కామందు దగ్గర పాలేరుతనం, అక్కడ మేస్త్రీ దగ్గర పాలేరుతనం. మధ్యలో సముద్రం ఒక్కటే తేడా.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం 4 లక్షలు. అందులో సగానికి పైన మన దేశం నుంచి పోయినోళ్ళే. రేవులో బియ్యం మూట ఓడ మీదికి ఎక్కాలన్నా, ఓడలోంచి సరుకు దిగాలన్నా తెలుగోడి భుజమే. వీధులు ఊడ్చేది, దొడ్లు కడిగేది తెలుగోళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని రేవు కూలీలు సమ్మె చేశారు. కంట్రాక్టర్లు ఏం చేశారు? బర్మా కూలీల్ని పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. ఆకలిగొన్న కూలోడికీ ఆకలిగొన్న కూలోడికీ తగువు పెట్టారు. రంగూన్ వీధుల్లో కత్తులు లేచాయి. వందమందికి పైన చచ్చారు, వాళ్ళలో ఎక్కువమంది మన కోరంగీలు. కంట్రాక్టరు ఒక్కడూ చావలేదు. మన ఊళ్ళల్లో కూడా ఈ ఆట చూస్తూనే ఉన్నాం గదా, మాల మాదిగల మధ్య పెట్టిన చిచ్చు రూపంలో!

1941 డిసెంబరు 23. రంగూన్ మీదికి జపాన్ బాంబర్లు వచ్చాయి. ఆ ఊరికి విమానాల యుద్ధం కొత్త. జనం పరిగెత్తలేదు. వీధుల్లో, రేవుగట్టున నిలబడి తలలెత్తి చూశారు. దాక్కోమని సరిగ్గా చెప్పినోడు లేడు, దాక్కోవటానికి చోటూ లేదు. ఆ బాంబులు భవనాల కోసం కాదు, మనుషుల్ని ముక్కలు చేయటానికి వేసినవి. ఒక్క పూటలో వెయ్యిమందికి పైన పోయారు. రెండువేలు దాటారన్న లెక్కలూ ఉన్నాయి. 25న, దొరల క్రిస్మస్ రోజున, మళ్ళీ వచ్చారు. రేవు దగ్గరా, కూలీ బారకాసుల దగ్గరా, ఇరుకు వీధుల్లోనూ ఉండేది ఎవరు? చచ్చింది కూడా వాళ్ళే.

మిగిలినోళ్ళు మూటలు కట్టారు. రేవు ఆగిపోయింది. మూట ఎత్తేవాడు లేడు, వీధి ఊడ్చేవాడు లేడు, శవం ఎత్తేవాడు లేడు. అప్పుడు తెలిసింది సర్కారుకి, ఆ ఊరు ఎవరి వీపు మీద నిలబడిందో! ప్రోమ్ రోడ్డు పట్టుకుని నడిచిపోతున్న కూలీల్ని మళ్ళీ వెనక్కి తిప్పాలని చూసింది. మీరు పోతే పోర్టు ఆగుద్ది అన్నది. మీ ప్రాణం ఆగుద్ది అని అనలేదు.

1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. ఇక జనం దారులు పట్టారు. డబ్బున్నోడు ముందే ఓడెక్కాడు, విమానం ఎక్కాడు. కూలోడికి అడవి దారి. ఒకటి తాంగప్ కనమ మీదుగా అక్యాబుకు, అక్కడ్నుంచి చిట్టగాంగుకు. ఒకటి తాము మీదుగా మణిపూరుకు. ఇంకొకటి పైన హుకాంగ్ లోయలో నుంచి అస్సాముకు. ఆ చివరి దారి వానల్లో పోయినోళ్ళది. మోకాలి లోతు బురద, జలగలు, కలరా. తాగటానికి నీళ్ళు లేవు, నిండా నీళ్ళే. తల్లి చంకలో బిడ్డ పోతే ఆకుల కింద పెట్టి నడిచేవాళ్ళు. ఆ దారుల్లోనూ వివక్షే. తెల్లోళ్ళకు ఒక దారి, నల్లోళ్ళకు ఒక దారి, వాళ్ళ క్యాంపులు వేరు, తిండి వేరు. అంటరానితనం కనిపెట్టింది మనువు ఒక్కడే అనుకుంటాం, దొరకూ ఆ విద్య బాగానే వచ్చు. ఈ సంగతి మీద ఈ దేశంలో ఆనాడే పెద్ద గొడవ అయింది.

నాలుగైదు లక్షలమంది నడిచారంటారు. దారిలో పోయినోళ్ళు 10 వేలని ఒకరు, 50 వేలని ఒకరు, ఇంకా పైనే అని మరొకరు. 10 వేలకీ 50 వేలకీ మధ్యలో 40 వేల మంది మనుషులు. ఈ నలభైవేలమంది ఉన్నారో లేరో, చచ్చారో బతికారో తేల్చుకోలేనంత గాలికి వదిలేశారు. గుంటూరు మిర్చి యార్డులో ఒక్క టిక్కీ తేడా వస్తే లెక్క తేలేదాకా గుమస్తాను ఇంటికి పోనివ్వరే!

రంగూన్ పక్కన తావుక్యాన్ అని ఒక ఊరుంది. అక్కడ యుద్ధ శ్మశానంలో పెద్ద స్తంభాల మీద, సమాధి లేని సైనికుల పేర్లు దాదాపు 27 వేలు చెక్కారు. అందులో మన దేశపు సిపాయిలూ ఉన్నారు. మంచిదే, వాళ్ళను తక్కువ చేయం. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో యుద్ధంలో పోయిన మామూలు జనం పేర్లతో ఏడు పుస్తకాలున్నాయి. దాదాపు 67 వేల పేర్లు, ఎక్కువ భాగం బ్రిటన్‌లో బాంబుల కింద పోయినోళ్ళవి. రోజుకో పేజీ తిప్పుతారు. అంటే వాళ్ళకు చేతకాక కాదు. సైనికుడు కానోడి పేరు రాయటం కూడా వాళ్ళకు తెలుసు.

ఇంగ్లండులో ఫ్రెకల్టన్ అని ఒక పల్లెటూరు. 1944 ఆగస్టు 23న గాలివానలో అమెరికా బాంబరు ఒకటి, లిబరేటరు అంటారు దాన్ని, పక్కనున్న వార్టన్ విమానాశ్రయంలో దిగబోయి ఊరి మీద పడింది. శత్రువు విమానం కాదు, సొంత పక్షందే. బడి మీద పడింది, పక్కనున్న కాఫీ హోటలు మీద పడింది. 61 మంది పోయారు. వాళ్ళలో 38 మంది పసిపిల్లలు, అప్పుడప్పుడే బడికి వస్తున్న వయసోళ్ళు. ఇద్దరు పంతులమ్మలు. విమానంలో ముగ్గురు. ఆ పల్లె ఏం చేసింది? పిల్లల్ని ఒక్క చోట పూడ్చి పేర్లు చెక్కించింది. అమెరికా సైనికులు చందాలేసుకుని, తామే పలుగూ పారా పట్టి, ఏడాది తిరిగేలోపు అక్కడ పిల్లల ఆటస్థలం కట్టారు. ఇప్పటికీ ఆ ఊరు ఆ తేదీన ఆగి తల్చుకుంటుంది. ఆ 38 మందిలో ఏ పిల్ల పేరు అడిగినా చెప్తారు. మేం ఆ తల్లుల దుఃఖాన్ని తూకం వేయటం లేదు. తల్లి కడుపు ఎక్కడైనా ఒకటే. ఒక చిన్న పల్లె చేసుకున్న పని మనం ఎందుకు చేసుకోలేదన్నదే మా బాధ.

ఇప్పుడు ఇందాక ఆపిన ప్రశ్న. మాచర్లకీ దీనికీ ఏమిటి సంబంధం?

ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడి పోతాం గదా. నాగులేటి ఒడ్డున వీరుల గుడి. 1182లో జరిగిందంటారు పల్నాటి యుద్ధం. ఎనిమిది వందల నలభై ఏళ్ళు. చచ్చిన వీరుడు వీరుడికీ అక్కడ రాయి ఉంది. ఆయుధాలు మోసుకొచ్చి కడిగి కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు రోజులు, ఆ యుద్ధం నిన్న జరిగినట్టే చేస్తారు. అందులో మన మాల కన్నమదాసు ఉన్నాడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని అందరూ చెప్తారు. ఆ చాపకూడు ఏడాదికొక్క రోజు మందపోరు నాడే ఎందుకు, మిగతా రోజులు హోటల్లో గ్లాసు వేరే ఎందుకు పెట్టారు అన్నది మన పెద్దలు అడిగిన ప్రశ్న. అది వేరే సభలో మాట్లాడదాం.

మేం చెప్పేది ఇది. ఆ కథను ద్విపదలో రాసింది శ్రీనాథుడంటారు. పుస్తకం పుస్తకంలోనే ఉంది. ఊరూరా తిరిగి, రాత్రి తెల్లవార్లూ పాడి, నాయకుల పేర్లు, గుర్రాల పేర్లు, కోళ్ళ పేర్లతో సహా జనం నోట్లో నిలిపింది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్ళు ఎవరు? మాలలు! మన వాడ మనుషులు! దొరల కోడిపుంజు పేరు కూడా మర్చిపోకుండా ఎనిమిది వందల ఏళ్ళు మోసింది మన గొంతు. అట్లాంటి గొంతున్న మనం మన తాత ఏ రేవులో, ఏ బాంబు కింద పోయాడో మర్చిపోయాం. ఊరోళ్ళ చావుల్ని పాడాం, మన చావుల్ని పాడలేదు. పాడనిచ్చారా అన్నది ఇంకో ప్రశ్న, అదీ న్యాయమైన ప్రశ్నే.

ఆ 1941లోనే, రంగూన్ మీద బాంబులు పడ్డ ఏడాదే, మన వినుకొండ జాషువా గారి ‘గబ్బిలం’ అచ్చయింది. మనిషి మాట వినే మనిషి లేక గబ్బిలానికి చెప్పుకోవాల్సి వచ్చింది ఆయనకు. రంగంలో కూలోడికి ఆ గబ్బిలం కూడా దొరకలేదు.

పేరు ఎందుకు ఇంత ముఖ్యం? ఏడుపు కోసం మాత్రమే కాదు. బాబాసాహెబ్ ఏం చేశారో వినండి. 1942 జులైలో ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు అయ్యారు. అప్పటికి బాంబు దెబ్బ తిన్నోళ్ళకు సర్కారు కొంత సాయం ఇచ్చే ఆర్డినెన్సు 1941లోనే వచ్చింది. కానీ ఫ్యాక్టరీలో మిషను పడి చెయ్యి పోతే కూలోడికి నష్టపరిహారం చట్టం ఉంది. అదే ఫ్యాక్టరీలో బాంబు పడి చెయ్యి పోతే యజమాని, ‘అది యుద్ధం, నాకేం సంబంధం’ అని చేతులు దులుపుకోవచ్చు. సర్కారు ఇచ్చే సాయానికీ, నష్టపరిహారం చట్టం కింద రావాల్సిన దానికీ మధ్య తేడా ఉండేది. ఆ తేడా యజమానే కట్టాలి, దానికోసం సర్కారు దగ్గర బీమా చేయాలి అని బాబాసాహెబ్ బిల్లు తెచ్చారు. 1943లో చట్టమైంది. యుద్ధ గాయాల నష్టపరిహార బీమా చట్టం దాని పేరు. ఫ్యాక్టరీలకు, గనులకు, పెద్ద రేవులకు వర్తించేది. రేవు కూలోడి రక్తానికి ధర ఉంది, అది దయ కాదు బాకీ అని ఈ దేశపు శాసనసభలో నిలబడి చెప్పించింది ఆయన. ఆయన విగ్రహానికి దండ వేసేటప్పుడు ఈ సంగతి ఎంతమందిమి చెప్పుకుంటున్నాం? రాజ్యాంగం రాశాడు అనేసి మైకు కింద పెట్టేస్తున్నాం.

ఆ చట్టం వచ్చేసరికి విశాఖ మీద బాంబు పడి ఏడాది దాటిపోయింది. ఇంకో మాట. చట్టం వచ్చినా మస్టరులో పేరుంటేనే గదా పైసా వచ్చేది. మేస్త్రీ పుస్తకంలో ‘కూలీలు 40’ అని ఉంటే ఆ నలభైలో పోయింది ఎవరని అడుగుతావు? ఇవాళ మిరపకోతలకు పోతూ ఆటో తిరగబడితే పేపర్లో ఏం రాస్తారు? ‘కూలీల మృతి’. అంకె పెద్దక్షరాల్లో, పేర్లు కింద చిన్నక్షరాల్లో. అవి కూడా సగం తప్పు. ఆ తప్పు పేరుతోనే పోస్టుమార్టం, ఆ తప్పు పేరుతోనే ఎఫ్.ఐ.ఆర్. ఆధారు కార్డులో ఒకటి, రేషను కార్డులో ఒకటి. ఇక పరిహారం కోసం ఆ ముసలి తల్లి ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు, మా కార్యకర్తలకూ తెలుసు, ఆమెతో పాటు మెట్లెక్కి దిగేది వాళ్ళే గాబట్టి.

అందుకని మేం అడిగేది పెద్ద పనేం కాదు. స్తూపాలు తర్వాత కడదాం, చందాలు తర్వాత ఎత్తుదాం. ముందు ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొనండి. మీ వాడలో ఎనభై తొంభై ఏళ్ళ ముసలమ్మ ఉంటే ఆమె దగ్గర కూర్చోండి. బాంబు గురించి అడగొద్దు, ఆమె బెదిరిపోద్ది, నాకేం తెల్వదంటది. ‘మీ ఇంట్లో రంగం పోయినోళ్ళున్నారా అమ్మమ్మా, రేవు పనికి పోయి తిరిగిరానోళ్ళున్నారా, పట్టాళంలో చేరి రానోళ్ళున్నారా’ అని అడగండి. కోడళ్ళను కూడా అడగండి. గోదావరి వైపు నుంచి, విశాఖ వైపు నుంచి మన ఇళ్ళకు కోడళ్ళుగా వచ్చినోళ్ళు ఉన్నారు, వాళ్ళ పుట్టిళ్ళలో ఈ కథలు బతికున్నాయి. విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది. ఆమె ‘మా పెద్దనాన్న ఒకాయన పోయాడు, పేరు గుర్తులేదు’ అంటే అదీ రాయండి. పేరు గుర్తులేదన్న మాట కూడా రాయండి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, పక్కన రాయండి. తోచింది కలపొద్దు, పెంచొద్దు. మన దగ్గర ఒక్క అబద్ధం దొరికితే పది నిజాల్ని కొట్టేస్తారు.

ఇంకొకటి కూడా ఆ పుస్తకంలో వెనకవైపు నుంచి మొదలుపెట్టి రాయండి. ఈ పదేళ్ళలో మీ వాడలో పనికి పోయి చచ్చినోళ్ళు. ఆటో కింద, ట్రాక్టరు కింద, పురుగుమందు కొడుతూ, సెప్టిక్ ట్యాంకులో దిగి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు కూడా, ఎవరి పనికి పోయారు, పరిహారం వచ్చిందా రాలేదా. ముందు నుంచి ముసలోళ్ళు, వెనక నుంచి మొన్నోళ్ళు. మధ్యలో రెండూ కలిసిన చోట పుస్తకం అయిపోయిందని లెక్క, ఇంకోటి కొనండి.

పదో తరగతి చదివే ఆడపిల్లకు ఈ పని అప్పజెప్పండి, దస్తూరి బాగుంటుంది, ముసలోళ్ళు కూడా ఆ పిల్లకైతే చెప్తారు. మగపిల్లలకిస్తే పుస్తకం వెనక అట్ట మీద క్రికెట్ స్కోరు రాసుకొస్తారు. నవ్వకండి, మేం ఒక ఊళ్ళో చూశాం.

కార్తీకంలో కారంపూడి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కులు సంచిలో వేసుకు రండి. నాగులేటి ఒడ్డున చెట్టు కింద కూర్చుని ఒకళ్ళవి ఒకళ్ళం చదువుకుందాం. విద్యావంతుల్లో పాడగలిగినోళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళను కూడా పిలుస్తున్నాం. ముందు చదువుదాం, పాట సంగతి వాళ్ళు చూసుకుంటారు. భోజనం ఎవరిది వాళ్ళు కట్టుకు రండి, చాప మాత్రం ఒక్కటే వేస్తాం.

జై భీమ్!